ఆ క్లాసులోకి ఎవరిని రానిచ్చారు?

1880ల్లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో తీసిన ఫొటో ఒకటుంది. పెన్సిల్వేనియా అకాడమీలో అమ్మాయిల శిల్పం క్లాసు అది. పొడుగాటి గౌన్లు తొడుక్కున్న విద్యార్థినులు మట్టి ముద్దలు ముందేసుకుని, ఎదురుగా ఉన్న మోడల్‌ను చూస్తూ బొమ్మ చేస్తున్నారు. ఆ మోడల్ మనిషి కాదు. ఆవు.

మనిషి శరీరాన్ని ఎదురుగా పెట్టుకుని గీయడం ఆ రోజుల్లో కళావిద్యకు పునాది. పురాణ ఘట్టాలు, చరిత్ర ఘట్టాలు చిత్రించేవాళ్లకే అకాడమీలు పెద్దపీట వేసేవి. అవి వేయాలంటే కండరాలు, కీళ్లు, ఒంటి వంపులు చేతికి పట్టుబడాలి. ఆ చదువు దొరకనివాళ్లకు మిగిలేవి పూలు, పళ్లు, పిల్లల ముఖాలు. లండన్ రాయల్ అకాడమీ 1893 దాకా విద్యార్థినులను నగ్న మోడల్ ఉన్న క్లాసులోకి రానివ్వలేదు. ఆ తర్వాత రానిచ్చినా మోడల్ ఒంటిమీద కొంత గుడ్డ ఉండాల్సిందే. పారిస్‌లోని ఎకోల్ దె బోజార్ అసలు ఆడవాళ్లను చేర్చుకోవడం మొదలుపెట్టిందే 1897లో. ఆవును మోడల్‌గా నిలబెట్టిన ఆ అకాడమీలో పాఠం చెప్పిన చిత్రకారుడు థామస్ ఈకిన్స్ నిజానికి అమ్మాయిలకూ పూర్తి చదువు చెప్పాలన్న పట్టుదల ఉన్నవాడు. 1886లో విద్యార్థినులు ఉన్న క్లాసులో మగ మోడల్ నడుం గుడ్డ తీసేసినందుకు అకాడమీ ఆయన చేత రాజీనామా చేయించింది.

ఈ ఆవు ఫొటో గురించి, ఈ తేదీల గురించి ప్రపంచమంతా మాట్లాడుకునేలా చేసింది ఒక టీచరమ్మ. పేరు లిండా నాక్లిన్. 1971 జనవరిలో 'ఆర్ట్‌న్యూస్' పత్రికలో ఆమె రాసిన వ్యాసం శీర్షికే ఒక ప్రశ్న: గొప్ప మహిళా కళాకారులు ఎందుకు లేరు? అప్పటికి ఆమెకు నలభై నిండబోతున్నాయి. ఇంకో నలభై ఏళ్లకు పైగా పాఠాలు చెప్పారు, పుస్తకాలు రాశారు, ప్రదర్శనలు కూర్చారు. ఎక్కడికెళ్లినా ఆ వ్యాసమే ఆమెకు ఇంటిపేరయింది. దానివల్ల ఒక అన్యాయం జరిగింది. స్త్రీ విముక్తి ఉద్యమ ఆవేశంలో ఒక్కసారిగా పుట్టుకొచ్చిన రచనగా దాన్ని చూడటం అలవాటైపోయింది. అది ఒక పండితురాలి పనిలోంచి వచ్చింది. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి వాస్తవవాద చిత్రాల ముందు ఏళ్ల తరబడి కూర్చున్న మనిషికే ఆ ప్రశ్నను అలా తిరగేసి చూడటం సాధ్యమైంది.

కూర్బే నేర్పిన చూపు

నాక్లిన్ 1931లో న్యూయార్క్ బ్రూక్లిన్‌లో ఒక యూదు కుటుంబంలో పుట్టారు. వాసర్ కాలేజీలో తత్వశాస్త్రం చదివి 1951లో పట్టా పుచ్చుకున్నారు. మరుసటేడు కొలంబియా విశ్వవిద్యాలయంలో ఎంఏ, అది ఇంగ్లిష్ సాహిత్యంలో. ఆ తర్వాత మళ్లీ వాసర్‌కే వచ్చి కళాచరిత్ర బోధించడం మొదలుపెట్టారు. హడ్సన్ నది ఒడ్డున పకీప్సీ ఊళ్లో ఉన్న వాసర్ అప్పట్లో ఆడపిల్లల కాలేజీ. భర్త ఫిలిప్ నాక్లిన్ తత్వశాస్త్రం అధ్యాపకుడు. 1960లో ఆయన చనిపోయారు. చిన్న కూతురిని పెంచుకుంటూ, వాసర్‌లో పాఠాలు చెబుతూ, న్యూయార్క్ విశ్వవిద్యాలయంలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ నుంచి 1963లో డాక్టరేట్ పూర్తిచేశారు. అంశం: ఫ్రెంచి చిత్రకారుడు గుస్తావ్ కూర్బే చిత్రాల్లో వాస్తవవాదం.

కూర్బేను ఎంచుకోవడం ఊరికే జరిగిన పని కాదు. ఆయన తన సొంతూరు ఓర్నాన్‌లో జరిగిన ఒక అంత్యక్రియను ఆరు మీటర్ల పైచిలుకు వెడల్పున్న కాన్వాసు మీద చిత్రించాడు. అంత పెద్ద కాన్వాసు అప్పటిదాకా రాజులకు, దేవుళ్లకు, యుద్ధవీరులకు మాత్రమే దక్కేది. దానిమీద ఊరి పెద్దలు, చర్చి పనివాళ్లు, ఏడుస్తున్న ఆడవాళ్లు నిలువెత్తు మనుషులై వరసగా నిలబడ్డారు. 1850–51 సలోన్ ప్రదర్శనలో దాన్ని చూసి పారిస్ పెద్దమనుషులు బెంబేలెత్తారు. ఒక చిత్రంలో ఎవరికి చోటుంది, ఎంత చోటుంది, ఎవరు లేరు అన్నది రాజకీయమని నాక్లిన్‌కు తెలిసింది ఈ కాన్వాసుల ముందే.

ఆమె ఎలా పనిచేసేవారో చెప్పడానికి 1967లో 'ఆర్ట్ బులెటిన్'లో వచ్చిన వ్యాసం చాలు. కూర్బే 1854లో 'కలయిక' అనే చిత్రం వేశాడు. మోంపెలియే దగ్గర మట్టిబాట మీద, వీపుకు సామాన్ల మూట, చేతిలో కర్రతో నడిచొస్తున్న చిత్రకారుడు. ఎదురొచ్చి టోపీ తీసి నిలబడ్డ షావుకారు బ్రుయాస్, పక్కన తలొంచిన నౌకరు, ఒక కుక్క. షావుకారు డబ్బు ఇచ్చేవాడు. అయినా గడ్డం పైకెత్తి నిలబడింది కూర్బే. దీన్ని అందరూ చిత్రకారుడి అహంకారం అని నవ్వి వదిలేశారు. నాక్లిన్ వెతుక్కుంటూ వెళ్లి, ఈ అమరికకు మూలం ఫ్రాన్సులో సంతల్లో అమ్ముడుపోయే చవక బొమ్మ అని చూపించారు. శాపం తగిలి లోకమంతా తిరిగే 'సంచారి యూదు'ను దారిలో ఇద్దరు పట్టణవాసులు పలకరించే బొమ్మ అది. పండితులు గ్రీకు శిల్పాల్లో, ఇటలీ చిత్రాల్లో మూలాలు వెతుక్కుంటున్న రోజుల్లో ఆమె సంతల్లోకి వెళ్లారు. చిత్రాన్ని దాని కాలంలోకి, దాని చుట్టూ ఉన్న జనంలోకి తీసుకెళ్లి చూడటం అంటే ఇదీ. 1971లో పెంగ్విన్ ప్రచురించిన 'రియలిజం' పుస్తకం ఈ పని మొత్తానికి సారం. కళాచరిత్ర విద్యార్థులు ఇప్పటికీ చదివే పుస్తకం.

ప్రశ్నను తిరగేయడం

1969లో ఇటలీ నుంచి తిరిగొచ్చిన నాక్లిన్‌కు ఒక స్నేహితురాలు స్త్రీ విముక్తి ఉద్యమ పత్రికలు తెచ్చిచ్చింది. రాత్రంతా కూర్చుని చదివారు. మర్నాడే వాసర్‌లో తన సెమినార్ అంశం మార్చేస్తున్నట్టు నోటీసు పెట్టారు. కొత్త అంశం: 19, 20 శతాబ్దాల చిత్రకళలో స్త్రీ రూపం. ఆ అంశానికి పాఠ్యపుస్తకం లేదు. చదవాల్సిన పుస్తకాల పట్టిక లేదు. టీచరూ విద్యార్థులూ కలిసి మొదటి నుంచీ పోగు చేసుకున్నారు. ఒక అధ్యయన శాఖ పుట్టే చోటు ఇలాగే ఉంటుంది, ప్రకటనలూ ప్రారంభోత్సవాలూ లేకుండా.

మరుసటి ఏడాది వాసర్ పట్టాల పండగకు వచ్చిన గ్యాలరీ యజమాని రిచర్డ్ ఫైగెన్, ఆడవాళ్ల చిత్రాలు ప్రదర్శించాలని తనకూ ఉందనీ, మంచివాళ్లు దొరకడం లేదనీ, గొప్ప మహిళా కళాకారులు ఎందుకు లేరనీ నాక్లిన్‌ను అడిగాడు. ఆ మాట ఆమెను వదల్లేదు. నెలల తరబడి దాని వెంటపడ్డారు.

అలాంటి ప్రశ్న ఎదురైనప్పుడు ఎవరైనా చేసే పని ఒకటుంది: ఎందుకు లేరు, వీళ్లంతా ఎవరు అని మరుగునపడ్డ పేర్లు ఏకరువు పెట్టడం. లేదంటే ఆడవాళ్ల గొప్పతనం వేరే రకం, అది సుకుమారమైనది, అంతర్ముఖమైనది అనడం. నాక్లిన్ ఈ రెండు దారులూ తొక్కలేదు. పేర్లు వెతకడం అవసరమే, ఆ పని తర్వాత ఆమే చేశారు. కానీ అలా జవాబు చెప్పడం మొదలుపెట్టగానే ప్రశ్నలో దాగిన నమ్మకాన్ని ఒప్పేసుకున్నట్టే. ఆ నమ్మకం ఏమిటి? మేధ అనేది మనిషి లోపల పుట్టుకతో ఉంటుంది, ఉంటే ఎలాగోలా బయటపడుతుంది, బయటపడలేదంటే లేనట్టే. గొర్రెలు కాసే జొత్తో రాతిమీద బొమ్మ గీస్తుంటే గురువు చిమబూయే చూసి తీసుకెళ్లాడన్న కథ అలాంటిదే.

ఆమె ఇంకో లెక్క ముందుపెట్టారు. రాజకుటుంబాల నుంచి, జమీందారీ వంశాల నుంచి గొప్ప చిత్రకారులు ఎంతమంది వచ్చారు? దాదాపు లేరు. వాళ్లకు డబ్బుంది, చదువుంది, తీరికుంది. అయినా ఆ వర్గంలో మేధ లేదని ఎవరూ అనలేదు. వాళ్ల మీద ఉన్న బాధ్యతలు, వాళ్లనుంచి సమాజం ఆశించిన నడవడిక పూర్తికాలపు వృత్తిగా కళను అంటిపెట్టుకోనివ్వలేదని అందరికీ అర్థమవుతుంది. మరి ఆడవాళ్ల దగ్గరికి వచ్చేసరికి ఈ తర్కం ఏమైపోతుంది? హోల్బైన్, డ్యూరర్, రఫాయెల్, పికాసోల తండ్రులు ఏ వృత్తివాళ్లో చూడమన్నారు. కుంచె పట్టేవాళ్లు, నగలు చేసేవాళ్లు, బొమ్మలు గీయడం నేర్పేవాళ్లు. పేరు తెచ్చుకున్న ఆడవాళ్ల విషయంలో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనబడుతుంది: దాదాపు అందరి ఇంట్లోనూ చిత్రకారుడైన తండ్రో, దగ్గరివాడైన ఇంకో చిత్రకారుడో ఉన్నాడు. పెద్ద గుర్రాల సంత చిత్రించి పేరు గడించిన రోజా బోనర్ తండ్రి డ్రాయింగ్ మాస్టారే. ఆమె సంతల్లో, కబేళాల్లో తిరగడానికి ప్యాంటు వేసుకోవాలంటే పోలీసుల దగ్గర లిఖితపూర్వక అనుమతి తీసుకోవాల్సి వచ్చింది.

అక్కడి నుంచి నాక్లిన్ నగ్న మోడల్ క్లాసు గది తలుపు దగ్గరికి వస్తారు. వ్యాసంలో నాకు అన్నిటికన్నా బలంగా అనిపించే చోటు ఇదే. ఆవు ఫొటో ఇక్కడే వస్తుంది. దాంతోపాటు 1771–72లో జోఫనీ వేసిన రాయల్ అకాడమీ సభ్యుల చిత్రం. మగ మోడల్ చుట్టూ సభ్యులంతా గుమిగూడారు. అకాడమీ స్థాపక సభ్యుల్లో ఇద్దరు ఆడవాళ్లు, ఆంజెలికా కౌఫ్‌మన్, మేరీ మోజర్. వాళ్లెక్కడున్నారు? గోడకు తగిలించిన పటాల్లో ఉన్నారు. సభ్యత్వం ఉంది, గదిలో నిలబడే హక్కు లేదు. ఒక్క తలుపు మూసేస్తే ఒక జాతి మొత్తానికి చిత్రకళలో పై అంతస్తు మూసుకుపోతుందని ఇంతకన్నా తేటగా ఎవరూ చెప్పలేదు. ఇది ఆడవాళ్ల కథ మాత్రమే కాదు, ఏ విద్యాలయం ఎవరిని బయట నిలబెట్టిందో ఆ అందరి కథ.

ఈ వ్యాసానికి విమర్శలూ వచ్చాయి. 1981లో రోజ్‌సికా పార్కర్, గ్రిసెల్డా పోలక్ తమ పుస్తకంలో, తలుపులు తెరవడం చాలదనీ, కళాచరిత్ర రాసే పద్ధతిలోనే ఆడవాళ్లను పక్కకు నెట్టే గుణం ఉందనీ వాదించారు. ఆ మాటలో నిజం ఉంది. అయితే ఆ వాదన నిలబడిన నేల నాక్లిన్ చదును చేసిందే.

1972లో ఆమె చేసిన ఒక పని గురించి చెప్పాలి. పందొమ్మిదో శతాబ్దపు ఫ్రాన్సులో అచ్చైన ఒక ఫొటోలో నగ్నంగా ఉన్న అమ్మాయి యాపిల్ పళ్ల పళ్లాన్ని ఎదురొమ్ముకు ఆనించి కొనుక్కోమంటుంది. నాక్లిన్ వాసర్‌లో ఒక గడ్డపు కుర్రాణ్ని మేజోళ్లు, బూట్లు తప్ప ఒంటిమీద ఏమీ లేకుండా నిలబెట్టి, చేతిలో అరటిపళ్ల పళ్లెం పెట్టి ఫొటో తీశారు. కళాచరిత్ర అధ్యాపకుల సభలో రెండూ పక్కపక్కన చూపించారు. మొదటి ఫొటో చూసి మామూలే అనుకునేవాళ్లకు రెండోది చూడగానే నవ్వొచ్చింది. ఆడదాని శరీరాన్ని పండుతో కలిపి చూడటం మనకు ఎంత సహజంగా అలవాటైందో ఆ నవ్వే రుజువు చేసింది.

నేలమాళిగల్లోంచి గోడల మీదికి

1976 డిసెంబరులో లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో 'మహిళా కళాకారులు: 1550–1950' ప్రదర్శన మొదలైంది. నాక్లిన్, ఆన్ సదర్లాండ్ హారిస్ కలిసి కూర్చారు. దీని వెనక స్థానిక మహిళా కళాకారుల పోరాటం ఉంది. 1971లో ఆ మ్యూజియం పెట్టిన పెద్ద ప్రదర్శనలో ఒక్క ఆడమనిషీ లేదని వాళ్లు నిలదీశారు. అయిదేళ్ల తర్వాత అదే గోడల మీద ఎనభై మందికి పైగా మహిళల చిత్రాలు వేలాడాయి. ఆర్టెమీషియా జెంటిలెస్కీ ఉంది, ఫ్రిడా కాలో ఉంది. ఎవరి పేరో తగిలించిన, ఎవరూ పట్టించుకోని చిత్రాలు మ్యూజియం గోదాముల్లోంచి వెలుగులోకి వచ్చాయి. ఆ తర్వాత ప్రదర్శన బ్రూక్లిన్ మ్యూజియానికీ వెళ్లింది. దీనికోసం అచ్చు వేసిన కేటలాగ్ ఎందరో పరిశోధకులకు మొదటి మెట్టయింది. ఇవాళ ఆర్టెమీషియా పేరు మామూలు పాఠకులకూ తెలుసంటే అందులో ఈ ప్రదర్శన వాటా చిన్నది కాదు.

నాక్లిన్ చూపించిన తేదీలు మన దాకా వస్తాయి. చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ 1929లో పారిస్ చేరి ఎకోల్ దె బోజార్‌లో లూసియాన్ సిమోన్ దగ్గర చదువుకుంది. ఆ తలుపు తెరుచుకుని అప్పటికి ముప్పై రెండేళ్లే. ఆమె మోడళ్లను చూసి శరీరాన్ని గీయడం నేర్చుకుంది, 1934లో తిరిగొచ్చింది, పల్లె ఆడవాళ్ల ఒంటి బరువునూ నిశ్శబ్దాన్నీ చిత్రించింది. తల్లి గాయని, తండ్రి పండితుడు, పారిస్‌లో మకాం పెట్టగల స్తోమత ఉన్న ఇల్లు. ఈ ఏర్పాట్లన్నీ లేని పిల్లలో అమృత అంత ప్రతిభే ఉండి ఉంటే? నాక్లిన్ వ్యాసం మనచేత అడిగించే ప్రశ్న అది.

రాజమండ్రి సంగతీ ఉంది. దామెర్ల రామారావు బొంబాయి జె.జె. స్కూల్లో చదివొచ్చి, రాజమండ్రిలో చిత్రకళాశాల పెట్టి, 1925లో ఇరవై ఎనిమిదేళ్లు నిండకుండానే మశూచితో పోయారు. ఆయన భార్య సత్యవాణి, సోదరి బుచ్చికృష్ణమ్మ కూడా చిత్రకారిణులే. ఇంట్లో చిత్రకారుడు ఉండటం వల్లే ఆడవాళ్లకు దారి దొరికిందన్న నాక్లిన్ గమనిక గోదావరి ఒడ్డునా సరిపోయింది. రామారావు గురించి మనం రాసుకున్నది ఎంతో కొంత ఉంది. ఆ ఇద్దరు ఆడవాళ్ల మీద నిండు పుస్తకం ఒకటి రావాలి. వాళ్లు ఎవరి దగ్గర ఏం నేర్చుకున్నారు, దేన్ని చూసి గీశారు, ఎప్పుడు కుంచె పక్కనపెట్టారు, ఎందుకు పెట్టారు అన్నది మన విశ్వవిద్యాలయాల్లో ఎవరైనా థీసిస్‌గా తీసుకోవాలని గట్టిగా కోరుకుంటున్నాను.

పాములవాడి వెనక గోడ

నాక్లిన్ వాసర్‌లో 1979 దాకా పనిచేసి, సిటీ యూనివర్సిటీ ఆఫ్ న్యూయార్క్‌లో ఓ పదేళ్లు, యేల్‌లో రెండేళ్లు బోధించి, 1992లో తను డాక్టరేట్ చేసిన ఇన్‌స్టిట్యూట్‌కే ఆధునిక కళ ప్రొఫెసర్‌గా తిరిగొచ్చారు. 2013లో పదవీ విరమణ. హార్వర్డ్ విశ్వవిద్యాలయం ప్రతిష్ఠాత్మకంగా నడిపే నార్టన్ ఉపన్యాసాలు 2003–04లో ఇచ్చారు. కొలువులు మారినా ఆమె చూపు మారలేదు. దానికి పెద్ద సాక్ష్యం 1983 నాటి 'ఊహల్లోని తూర్పు' అనే వ్యాసం.

తూర్పు దేశాలను పడమటివాళ్లు ఊహించుకున్న తీరు మీద ఎడ్వర్డ్ సయీద్ రాసిన 'ఓరియంటలిజం' పుస్తకం అట్ట మీది బొమ్మ చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఫ్రెంచి చిత్రకారుడు జెరోమ్ వేసిన 'పాములవాడు'. ఒంటికి పామును చుట్టుకున్న నగ్న బాలుడు మనకు వీపు చూపిస్తూ నిలబడతాడు. ఎదురుగా నీలి పలకల గోడకు ఆనుకుని కూర్చున్న ముసలివాళ్లు, సైనికులు చూస్తుంటారు. ఒక్కో పలక మీద నగిషీ ఫొటోలా ఉంటుంది. నాక్లిన్ ఆ గోడ దగ్గర ఆగారు. పలకలు అక్కడక్కడా పగిలాయి, ఊడిపోయాయి. ఇంత శ్రద్ధగా పగుళ్లు ఎందుకు గీశాడు? తూర్పు దేశాలవాళ్లకు తమ గొప్ప వారసత్వాన్ని మరమ్మతు చేసుకునే ఓపిక లేదు, సోమరులు అని చెప్పడానికి. బొమ్మలో ఎక్కడా తెల్లవాడు కనబడడు. కానీ చూసే చూపు వాడిదే. అక్కడ కాలం ఆగిపోయి ఉంటుంది, వలసపాలన ఊసే ఉండదు. కుంచె జాడ కనిపించనివ్వని నునుపు పనితనం కూడా ఈ కట్టుకథను నిజమని నమ్మించడానికే. అప్పట్లో ఇలాంటి చిత్రాల ప్రదర్శన ఒకటి రాజకీయాల జోలికి పోకుండా అందం వరకే మాట్లాడతానంటే ఆమె ఒప్పుకోలేదు. మన దేశం మీద తెల్లదొరలు వేయించుకున్న చిత్రాలు మ్యూజియంలో చూసేటప్పుడు ఈ వ్యాసం చదివిన మనిషి కళ్లు వేరుగా పనిచేస్తాయి.

తనకు ఇష్టమైనవాళ్లనూ ఆమె వదిలిపెట్టలేదు. ఫ్రెంచి చిత్రకారుడు దేగా యూదు ద్వేషి. నాక్లిన్ యూదు ఇంటి ఆడపడుచు. దేగా చిత్రాలంటే ప్రాణం. యూదు సైనికాధికారి డ్రైఫస్ మీద దేశద్రోహ నేరం అన్యాయంగా మోపిన వ్యవహారంలో దేగా నడతను దాచకుండా రాస్తూనే, ఆ ద్వేషం చిత్రాల్లోకి ఎక్కడ దిగింది, ఎక్కడ దిగలేదు అని బొమ్మ బొమ్మకూ విడిగా చూశారు. మనిషిని ద్వేషించి చిత్రాన్ని కొట్టిపారేయడం సులువు, చిత్రాన్ని మెచ్చి మనిషిని మాఫీ చేయడం ఇంకా సులువు. ఆమె రెండూ చేయలేదు. ఇవాళ్టి మన వాదాల్లో లేనిది ఈ ఓర్పే.

ఐర్లండ్ ఆడమనిషి

1988లో బ్రూక్లిన్ మ్యూజియంలో 'కూర్బేపై పునరాలోచన' ప్రదర్శనను సారా ఫాన్స్‌తో కలిసి కూర్చారు. దానికోసం 1855 నాటి 'చిత్రకారుడి గది'ని మళ్లీ చదివారు. ఆరు మీటర్ల వెడల్పు చిత్రం. మధ్యలో కూర్బే ప్రకృతి దృశ్యం గీస్తుంటాడు. వెనక నగ్నంగా నిలబడ్డ మోడల్, ముందు కాన్వాసును చూసే పిల్లాడు. కుడివైపు కవి బోద్లేర్ లాంటి మిత్రులు, ఎడమవైపు లోకం. పండితులు ఎడమవైపున్న మగవాళ్లలో ఎవరు ఏ రాజకీయ నాయకుడని పుటల కొద్దీ రాశారు. నాక్లిన్ కూడా మొదట ఆ దారినే నడిచి, తర్వాత చూపు కిందికి దించారు. కాన్వాసు నీడలో నేలమీద చతికిలబడి, మోకాళ్ల కింద బట్టలేని కాళ్లతో, చంటిబిడ్డను పట్టుకున్న ఐర్లండ్ బిచ్చగత్తె ఒకామె ఉంది. లండన్ వీధిలో తాను చూసిన మనిషని కూర్బే ఉత్తరంలో రాసుకున్నాడు. చిత్రమంతా చిత్రకారుడి విజయాన్ని చాటుతుంటే ఆ ఒక్క మూల మాత్రం దేనికీ లొంగదు. ఆడమనిషి, పేదమనిషి, పరాయి దేశపు మనిషి. అక్కడి నుంచి చదివితే చిత్రం మొత్తం ఇంకోలా కనబడుతుందని రాశారామె.

ఆ బిచ్చగత్తెను ఆమె చివరిదాకా మోశారు. 2017 అక్టోబరు 29న ఎనభై ఆరేళ్ల వయసులో నాక్లిన్ కన్నుమూశారు. మరుసటి ఏడాది వచ్చిన ఆఖరి పుస్తకం 'మిజేర్', పందొమ్మిదో శతాబ్దంలో దారిద్ర్యాన్ని ఎలా చిత్రించారన్న దానిమీద. ఐర్లండ్ కరువు బొమ్మలతో మొదలై, దారిద్ర్యం ఆడవాళ్ల మీద ఎలా వేరుగా పడుతుందో చెప్పి, గోయా, జెరికోల మీదుగా కూర్బే బిచ్చగత్తె దగ్గరికి వస్తుంది. అక్కడితో ఆగదు. చివరి అధ్యాయం ఫెర్నాన్ పెలేజ్ మీద. పారిస్‌లో ముసలి బిచ్చగాళ్లను, సర్కస్ పిల్లలను చిత్రించి, తన కాలంలోనే పక్కకు నెట్టేయబడ్డ చిత్రకారుడాయన. ఎనభై దాటిన వయసులో, కావలసినంత కీర్తి ఉండి, ఆమె కూర్చుని రాసింది అతని గురించి.